పదహారు బైట్ల కాపలా

పైథాన్‌లో అన్నీ ఆబ్జెక్టులే. అంకె ఆబ్జెక్టు, స్ట్రింగ్ ఆబ్జెక్టు, ఫంక్షన్ ఆబ్జెక్టు, ఏమీ లేదని చెప్పడానికి వాడే 'నన్' కూడా ఆబ్జెక్టే. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో ఈ మాట మొదటి వారంలో చెప్పేసి ముందుకు వెళ్లిపోతారు. నేను ఇన్నేళ్లుగా ఆ మాట దగ్గరే ఉన్నాను. ఆబ్జెక్టు లోపల ఏముండాలి, ఎంత చోటు తీసుకోవాలి, ఎప్పుడు పుట్టాలి, ఎప్పుడు పోవాలి అన్నవి చూసే సి కోడ్‌కు మరమ్మతులు చేయడం, అవసరమైతే మార్చడం, ఇతరులు పంపిన మార్పుల్ని చదివి అభిప్రాయం చెప్పడం నా పని. జీతం ఒక కంపెనీ ఇస్తుంది. రోజులో ఎక్కువ భాగం మాత్రం పైథాన్‌కే పోతుంది.

మనం మామూలుగా పైథాన్ అని పిలిచేది సి భాషలో రాసిన ఒక ప్రోగ్రామ్. దాని పేరు సీపైథాన్. దాని సోర్సులో 'ఆబ్జెక్ట్స్' అనే ఫోల్డర్ ఉంటుంది. లిస్టుకో ఫైలు, డిక్షనరీకో ఫైలు, స్ట్రింగుకో ఫైలు, టైపులకో ఫైలు. వీటన్నిటికీ మొదలు ఒక హెడర్ ఫైలులోని చిన్న స్ట్రక్చర్. 64 బిట్ల యంత్రం మీద అది సరిగ్గా 16 బైట్లు. మొదటి 8 బైట్లలో రిఫరెన్స్ కౌంట్, అంటే ఈ ఆబ్జెక్టును ఎంతమంది పట్టుకుని ఉన్నారో ఆ లెక్క. తర్వాతి 8 బైట్లలో ఇది ఏ రకం ఆబ్జెక్టో చెప్పే టైప్ పాయింటర్. ఏ ఆబ్జెక్టుకైనా ముందు ఈ రెండు గళ్లు, ఆ తర్వాతే దాని సొంత సరుకు. అందుకే 1 అనే చిన్న అంకె కూడా 28 బైట్లు తింటుంది.

గీడో వాన్ రోసమ్ ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ పరిశోధన సంస్థలో పనిచేస్తూ 1989 డిసెంబరులో పైథాన్ మొదలుపెట్టారు. 1991 ఫిబ్రవరిలో మొదటిసారి బయటికి వదిలారు. అప్పుడూ ఈ రెండు గళ్లే, ఇప్పుడూ చాలామంది కంప్యూటర్లలో నడిచే పైథాన్‌లో ఇవే. "ముప్పై ఏళ్లు దాటిన కోడ్ కదా, ఇంకా చేయడానికేముంది?" అని చుట్టాల్లో సాఫ్ట్‌వేర్ వాళ్లే నన్ను అడుగుతుంటారు. చాలా ఉంది. కాకపోతే అందులో కోడ్ రాసే వాటా తక్కువ. ఈ గళ్లను నమ్ముకుని బయట ఎవరెవరు ఏమేం కట్టుకున్నారో కనుక్కునే వాటా ఎక్కువ.

లెక్క తప్పితే

ముందు లెక్క సంగతి. ఒక ఆబ్జెక్టును కొత్తగా ఎవరైనా పట్టుకుంటే కౌంట్ ఒకటి పెరగాలి, వదిలేస్తే ఒకటి తగ్గాలి. సున్నాకు చేరగానే ఆ మెమరీ వెనక్కి వెళ్లిపోతుంది. పైథాన్ రాసేవాళ్లకు ఇదేదీ కనపడదు. సి లో రాసే మేము మాత్రం పెంచడం, తగ్గించడం చేత్తో రాయాలి. తగ్గించడం మరిచిపోతే మెమరీ కారుతూ ఉంటుంది. ఒకసారి ఎక్కువ తగ్గిస్తే, ఇంకా వాడకంలో ఉన్న ఆబ్జెక్టు చచ్చిపోతుంది.

ఈ రెండోది మహా పితలాటకం. తప్పు జరిగినచోట ప్రోగ్రామ్ పడిపోదు. ఆ మెమరీని ఇంకొకరు తీసుకుని, దాని మీద ఇంకేదో రాసి, ఎంతోసేపటికి ఏ సంబంధమూ లేని ఫంక్షన్‌లో కూలుతుంది. చాలాసార్లు చెత్త ఏరే కోడ్‌లో, అంటే గార్బేజ్ కలెక్టర్‌లో కూలుతుంది, అది లిస్టులూ డిక్షనరీల్లాంటి ఆబ్జెక్టులన్నిటినీ తడుముకుంటూ పోతుంది కాబట్టి. 'గార్బేజ్ కలెక్టర్‌లో బగ్' అనే శీర్షికతో ఫిర్యాదు వచ్చిందంటే నేను ముందు గార్బేజ్ కలెక్టర్‌ను వదిలేసి, వాళ్లు వాడుతున్న సి ఎక్స్‌టెన్షన్ల (సి లో రాసి పైథాన్‌కు తగిలించే మాడ్యూళ్ల) జాబితా అడుగుతాను.

ఇలాంటివి పట్టుకోవడానికి సీపైథాన్‌ను డీబగ్ పద్ధతిలో కంపైల్ చేసుకుంటాం. అప్పుడు మొత్తం ప్రోగ్రామ్‌లోని కౌంట్లన్నిటి కూడిక చూసుకోవచ్చు. ఒకే పరీక్షను మళ్లీ మళ్లీ నడిపి, ప్రతి విడతకూ ఆ కూడిక పెరుగుతోందా అని చూస్తాం. పెరిగితే ఎక్కడో ఒక తగ్గింపు ఎగిరిపోయినట్టే. సాధారణంగా అది ఎర్రర్ దారిలో ఉంటుంది. అన్నీ సవ్యంగా జరిగే దారిని అందరూ జాగ్రత్తగా రాస్తారు. మెమరీ దొరకనప్పుడో, మధ్యలో ఎక్సెప్షన్ వచ్చినప్పుడో అప్పటిదాకా పట్టుకున్నవన్నీ వదలాలన్న సంగతే జారిపోతుంది. కాబట్టి ఎవరి ప్యాచ్ చదివినా నా కళ్లు ముందు ఆ దారుల మీదికే వెళ్తాయి.

లెక్క సరిగ్గా ఉన్నా తీరని చిక్కులు రెండున్నాయి. ఒక లిస్టు తనలో తననే పెట్టుకుంటే బయటివాళ్లు అందరూ వదిలేసినా దాని కౌంట్ సున్నా కాదు. నీల్ షెమెనావర్ రాసిన, ఇలాంటి చుట్టరికాల్ని వెతికి తీసేసే కలెక్టర్ 2000లో పైథాన్ 2.0తో వచ్చింది. రెండోది లోతు. లిస్టులో లిస్టు, దానిలో మరో లిస్టు, ఇలా లక్ష అంచెలు కట్టి పై లిస్టును వదిలేశారనుకోండి. ఒకటి చనిపోతూ లోపలి దాన్ని చంపుతుంది, అది దాని లోపలి దాన్ని. ఇలా సి స్టాక్ నిండిపోయి ప్రోగ్రామ్ కూలాలి. కూలకుండా, కొంత లోతు దాటాక చావుల్ని వాయిదా వేసి వరసలో పెట్టే ఏర్పాటు ఉంది. మేము దాన్ని చెత్తబుట్ట అనే అర్థంలో 'ట్రాష్‌క్యాన్' అంటాం. ఒకప్పుడు కొత్త కంటైనర్ టైపు రాసేవాళ్లు ఎక్కువగా మరిచిపోయింది దీన్నే.

ఎవరూ వాడని గడి

మా టీమ్‌లో కొత్తగా చేరిన రాజమండ్రి కుర్రాడు ఒకసారి ఓ పాత ఫీల్డును చూపించాడు.

"అన్నా, దీన్ని ఎవరూ వాడట్లేదు. తీసేద్దామా?"

"వాడట్లేదని ఎలా తెలిసింది?"

"సోర్సంతా వెతికా. ఒక్కచోట కూడా లేదు."

"మన సోర్సులో లేదు. మరి బయట?"

అప్పుడతనికి 'టీపీ ప్రింట్' కథ చెప్పాను. ప్రతి టైపుకూ ఒక పెద్ద స్ట్రక్చర్ ఉంటుంది. కూడిక వస్తే ఏ ఫంక్షన్ పిలవాలి, పోలిక వస్తే ఏది పిలవాలి అని అందులో వరసగా గళ్లు. పైథాన్ 2 కాలంలో వాటిలో ఒకటి టీపీ ప్రింట్, ఆబ్జెక్టును నేరుగా ఫైలులోకి అచ్చు వేయడానికి. పైథాన్ 3లో దానికి పని లేకుండా పోయింది. 2019లో పైథాన్ 3.8 తయారవుతున్నప్పుడు, ఫంక్షన్లను వేగంగా పిలిచే 'వెక్టర్‌కాల్' అనే కొత్త పద్ధతికి టైపులో ఒక గడి కావాల్సి వచ్చింది. ఖాళీగా పడి ఉన్నది ఉంది కదా అని దాన్నే పేరు మార్చి వాడుకున్నారు. స్ట్రక్చర్ సైజు మారలేదు, ఇంత చక్కని పొదుపు ఇంకోటి ఉండదు.

తీరా చూస్తే సైథాన్ అనే పరికరం తాను తయారుచేసే సి ఫైళ్లలో టీపీ ప్రింట్‌కు సున్నా పెట్టే ఒక లైను రాస్తూ వస్తోంది. ఏ ఉపయోగమూ లేని లైను. కానీ అలా తయారైన సి ఫైళ్లను ఎన్నో లైబ్రరీలు తమ ప్యాకేజీల్లో కలిపి ఎప్పుడో విడుదల చేసేశాయి. ఆ పేరు లేకపోతే అవేవీ 3.8తో కంపైల్ కావు. సైథాన్‌ను సరిచేసినా లోకంలోకి వెళ్లిపోయిన ఫైళ్లు మారవు కదా. చివరికి ఆ స్ట్రక్చర్ చిట్టచివర టీపీ ప్రింట్ అనే పేరుతో, ఎవరూ చదవని ఒక ఉత్త గడిని మళ్లీ చేర్చి 3.8ను విడుదల చేశారు. 3.9లో తీసేశారు.

పొలం మీదే కావచ్చు, పట్టాలో దారి అని రాసి ఉండకపోవచ్చు. ముప్పై ఏళ్లుగా ఊరంతా ఆ గట్టు మీదుగానే నడుస్తుంటే, కంచె వేసిన రోజున పంచాయితీ తప్పదు. మా హెడర్ ఫైళ్ల పరిస్థితి అచ్చం అదే. 'ఇది లోపలి సంగతి, నమ్ముకోవద్దు' అని డాక్యుమెంటేషన్‌లో రాసినంత మాత్రాన దారి మూసుకుపోదు.

కాబట్టి ఏదైనా తీసేయాలంటే ముందు వెతుకులాట. ఎక్కువగా డౌన్‌లోడ్ అయ్యే వేల ప్యాకేజీల సోర్సును దించుకుని ఆ పేరు ఎక్కడెక్కడ ఉందో చూస్తాం. దొరికిన ప్రతి ప్రాజెక్టుకూ వీలైతే మనమే ప్యాచ్ పంపుతాం. బ్యాంకులోనో ల్యాబ్‌లోనో తాళం వేసి ఉన్న కోడ్ ఈ వెతుకులాటకు అందదు. దానికోసం పెప్ 387 అనే నియమావళి ఉంది (పైథాన్ మార్పుల ప్రతిపాదన పత్రాల్ని పెప్ అంటారు). దాని ప్రకారం కనీసం రెండు విడుదలల పాటు హెచ్చరిక ఇచ్చిన తర్వాతే తీయాలి. ఏటా అక్టోబరులో ఒక విడుదల వస్తుంది కాబట్టి రెండేళ్లన్న మాట.

కొన్నిసార్లు రెండేళ్లూ చాలవు. ఆబ్జెక్టు టైపును చదివే మాక్రోను '=' గుర్తుకు ఎడమవైపు పెట్టి టైపును మార్చేయడం సి ఎక్స్‌టెన్షన్లలో పాత అలవాటు. స్ట్రక్చర్ లోపలి సంగతులు బయటికి పొక్కకూడదంటే ఆ అలవాటు మానిపించాలి. మార్చడానికి వేరే ఫంక్షన్‌ను 3.9లో ఇచ్చారు. పాత దారిని 3.10లో మూయబోయి, విరిగిన ప్రాజెక్టుల్ని చూసి వెనక్కి తగ్గి, చివరికి 3.11లో మూశారు. బయటినుంచి చూసేవాళ్లకు ఇది నాన్చుడు. నాకు మాత్రం ఇదే సరైన వేగం అనిపిస్తుంది.

తెలుగు స్ట్రింగు ఖరీదు

స్ట్రింగుల ఫైలంటే నాకు కొంచెం పక్షపాతం. 3.3కు ముందు పైథాన్‌ను కంపైల్ చేసేటప్పుడే అక్షరానికి 2 బైట్లా, 4 బైట్లా అని తేల్చుకోవాలి. ఒట్టి ఇంగ్లీషు పాఠానికి కూడా అంతే ఖర్చు. 2012లో వచ్చిన 3.3లో, మార్టిన్ ఫాన్ లూవిస్ ప్రతిపాదించిన పెప్ 393తో ఇది మారింది. ప్రతి స్ట్రింగుకూ, అందులోని అన్నిటికంటే పెద్ద కోడ్ పాయింట్‌ను (యూనికోడ్ గుర్తుకు ఇచ్చే నంబరును) బట్టి ఒకటి, రెండు, నాలుగు బైట్లలో ఏది సరిపోతే అది.

తెలుగు యూనికోడ్‌లో 0సి00 నుంచి 0సి7ఎఫ్ దాకా ఉంటుంది. అంటే తెలుగు స్ట్రింగుకు కోడ్ పాయింట్‌కు 2 బైట్లు. ఆ వాక్యం చివర ఒక్క ఎమోజీ పెట్టారా, మొత్తం స్ట్రింగు 4 బైట్లకు ఎక్కుతుంది. లక్ష అక్షరాల ఇంగ్లీషు పాఠంలో ఒక్క తెలుగక్షరం చేరినా మొత్తం రెట్టింపవుతుంది. దీన్ని కొందరు అన్యాయం అంటారు. కానీ ప్రతి కోడ్ పాయింటూ ఒకే వెడల్పులో ఉంటేనే వెయ్యోదాన్ని లెక్కపెట్టుకుంటూ పోకుండా నేరుగా అందుకోగలం. ఆ సౌకర్యాన్ని నమ్ముకుని రాసిన కోడ్ లోకమంతా ఉంది. 'తెలుగు' పొడవు అడిగితే పైథాన్ 6 అంటుంది, గుణింతపు గుర్తుల్నీ లెక్కేస్తుంది కాబట్టి. మనిషి కంటికి కనపడే మూడక్షరాల్ని లెక్కపెట్టడం పైన ఉండే లైబ్రరీల పని. ఆబ్జెక్ట్స్ ఫోల్డర్ అందులో వేలు పెట్టదు.

ఈ మార్పులో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది కొత్త పద్ధతి కంటే పాతదాని తోక. పాత ఫంక్షన్లను నమ్ముకున్న ఎక్స్‌టెన్షన్ల కోసం ప్రతి స్ట్రింగులోనూ ఒక పాయింటర్ గడిని ఉంచేశారు. దాన్ని తీసేసింది 2023లో, 3.12లో. పదకొండేళ్లపాటు ప్రపంచంలోని ప్రతి పైథాన్ స్ట్రింగూ, చాలావరకు ఎవరూ ముట్టుకోని ఆ గడిని మోసింది. ఇనాడా నవోకి రాసిన పెప్ 623 ప్రకారం తీసేశాక స్ట్రింగుకు 8 లేదా 16 బైట్లు మిగిలాయి.

డిక్షనరీల విషయంలో దీనికి విరుద్ధంగా జరిగింది. రేమండ్ హెటింజర్ ఆలోచన ఆధారంగా 3.6లో డిక్షనరీ లోపలి అమరిక మార్చితే మెమరీ వాడకం 20 నుంచి 25 శాతం తగ్గింది. దాంతోపాటు, వేసిన వరసలోనే కీలు బయటికి రావడం మొదలైంది. 'ఇది అమరిక వల్ల వచ్చింది, నమ్ముకోకండి' అన్నారు. ఎవరు వింటారు? 2018లో 3.7తో అది భాష ఇచ్చే హామీ అయిపోయింది. ఇప్పుడు డిక్షనరీకి ఇంకా మంచి అమరిక ఎవరు కనిపెట్టినా ఆ వరసను కాపాడి తీరాలి.

చదవడమే రాయడం

ఆబ్జెక్టు మొదటి గడికి, అంటే రిఫరెన్స్ కౌంట్‌కు, ఎసరు వచ్చింది ఈ మధ్యే. ఇన్‌స్టాగ్రామ్ సర్వర్లు పైథాన్ మీద నడుస్తాయి. అక్కడ ఒక తల్లి ప్రాసెస్ అన్నీ లోడ్ చేసుకుని, తర్వాత పిల్ల ప్రాసెస్‌లను పుట్టిస్తుంది. తల్లి మెమరీని ఎవరూ మార్చనంతకాలం పిల్లలందరూ పంచుకోవచ్చు. ఎవరైనా రాస్తే ఆ పేజీకి వేరే కాపీ తయారవుతుంది. 3.12కు ముందు పైథాన్‌లో మాత్రం నన్ వైపు చూసినా దాని కౌంట్ పెరిగేది. అంటే చదవడమే రాయడం. పంచుకోవాల్సిన పేజీలన్నీ వరసగా కాపీ అయిపోయేవి.

పెప్ 683తో 3.12లో 'ఇమ్మోర్టల్' ఆబ్జెక్టులు వచ్చాయి. చావు లేని వాటికి లెక్కెందుకు? నన్, ట్రూ, ఫాల్స్, చిన్న అంకెల వంటి వాటి కౌంట్‌లో ఒక ప్రత్యేక విలువ పెట్టి, అది కనపడితే పెంచొద్దు, తగ్గించొద్దు అన్నారు. 3.12లో నన్ కౌంట్ అడిగితే 4294967295 అని వస్తుంది. ఆలోచన తేలికే. కానీ పెంపు, తగ్గింపు అనేవి పైథాన్‌లో అన్నిటికంటే ఎక్కువసార్లు నడిచే కోడ్. అక్కడ ఒక్క పరీక్ష చేర్చినా భాష మొత్తం మీద భారం పడుతుంది. ఆ భారాన్ని ఎంత తగ్గించగలం అన్న దాని మీదే వాదనలన్నీ నడిచాయి. ఇక్కడి పని స్వభావం ఇదే. రెండు లైన్ల మార్పు, దాని వెనక వారాల తరబడి బెంచ్‌మార్కులు.

ఇక పెద్ద మార్పు జీఐఎల్ లేని పైథాన్. ఒకసారికి ఒక త్రెడ్డే నడవాలన్న ఆ తాళం ఉన్నంతకాలం కౌంట్ భద్రంగా ఉంది. తాళం తీసేస్తే రెండు త్రెడ్లు ఒకేసారి కౌంట్‌ను పెంచబోయి, ఒక పెంపు మాయమవుతుంది. ప్రతి పెంపునూ అటామిక్ చేస్తే, అంటే మధ్యలో ఇంకో త్రెడ్ దూరలేకుండా చేస్తే, భద్రమే కానీ వేగం పడిపోతుంది. శామ్ గ్రాస్ పెప్ 703లో చెప్పిన ఉపాయం కౌంట్‌ను రెండుగా చీల్చడం. ఆబ్జెక్టును పుట్టించిన త్రెడ్‌కు సొంత కౌంట్, అది మామూలుగా, వేగంగా నడుస్తుంది. మిగతా త్రెడ్లన్నిటికీ కలిపి ఇంకో కౌంట్, అది అటామిక్. చాలా ఆబ్జెక్టులు పుట్టిన త్రెడ్‌లోనే పోతాయి కాబట్టి గిట్టుబాటవుతుంది.

జీఐఎల్ లేని ఈ బిల్డులో 16 బైట్ల హెడర్ 32 అయింది. రెండు కౌంట్లు, యజమాని త్రెడ్ గుర్తు, ఒక బుల్లి తాళం, ఇంకొన్ని గుర్తులు అందులో చేరాయి. అయితే లిస్టులూ డిక్షనరీల వంటి వాటికి ముందు గార్బేజ్ కలెక్టర్ కోసం విడిగా ఉండే 16 బైట్లు ఈ బిల్డులో లేవు, కనుక వాటికి మొత్తం మీద చోటు పెరగలేదు. 2024 అక్టోబరులో 3.13తో ఇది ప్రయోగంగా వచ్చింది. 2025 అక్టోబరులో 3.14తో అధికారికంగా మద్దతున్న బిల్డు అయింది, డిఫాల్ట్ మాత్రం ఇంకా పాతదే. ఒకే త్రెడ్‌తో నడిచే ప్రోగ్రామ్ 3.14లో సుమారు 5 నుంచి 10 శాతం నెమ్మదిస్తుంది.

దీనివల్ల పాత అలవాట్లన్నీ తిరిగి లెక్కకు వచ్చాయి. లిస్టులోంచి ఒక వస్తువును తీసిచ్చే పాత సి ఫంక్షన్ కౌంట్ పెంచదు, అరువు రిఫరెన్స్ ఇస్తుంది. తాళం ఉన్న రోజుల్లో కాస్త జాగ్రత్తగా ఉంటే సరిపోయేది. ఇప్పుడు మనం దాన్ని అందుకునేలోపు ఇంకో త్రెడ్ లిస్టులోంచి తీసేయొచ్చు, మన చేతిలో చచ్చిన ఆబ్జెక్టు మిగులుతుంది. 3.13లో కౌంట్ పెంచి ఇచ్చే కొత్త ఫంక్షన్లు చేర్చారు. పాతవి ఇంకా ఉన్నాయి, ఎందుకున్నాయో పైన చెప్పాను.

ఇప్పుడు నా రోజులు చాలావరకు ఈ చదువుడులోనే గడుస్తున్నాయి. ఒక ఫంక్షన్ తెరిచి, ప్రతి లైను దగ్గరా 'ఇక్కడ ఇంకో త్రెడ్ వచ్చి దూరితే?' అని అడుగుతాను. చర్చించే సాటివాళ్లు యూరప్‌లో, అమెరికాలో, జపాన్‌లో ఉంటారు. హైదరాబాద్‌లో రాత్రి భోజనమయ్యాక అక్కడివాళ్ల రివ్యూలు రావడం మొదలవుతుంది. ఒప్పుకునే మాటల కంటే 'దీన్ని ఫలానా లైబ్రరీతో కంపైల్ చేసి చూశారా?' అన్న ప్రశ్నే ఎక్కువసార్లు వస్తుంది.

ఈ పనిలోకి రావాలనుకునే పిల్లలు ఏం చదవాలని అడుగుతుంటారు. లిస్టు ఫైలుతో మొదలుపెట్టండి. అన్నిటిలో చదవడానికి తేలికైనది అదే. పక్కనే 2002లో టిమ్ పీటర్స్ తన సార్టింగ్ పద్ధతి గురించి రాసిన వివరణ ఫైలు ఉంటుంది. ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నారో, ఏమేం ప్రయత్నించి పక్కన పెట్టారో అందులో చెప్పారు. తర్వాత ఎవరో పంపిన చిన్న ప్యాచ్‌ను తీసుకుని, దాని ఎర్రర్ దారుల్లో తగ్గింపులన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో కాగితం మీద వేసుకుని చూడండి.

కోర్‌లోకి రాని వాళ్లూ చేయగలిగిన సాయం ఒకటుంది, నా దృష్టిలో దాని విలువ ప్యాచ్ కంటే ఎక్కువ. ఏటా మే నెలలో తర్వాతి పైథాన్ మొదటి బీటా వస్తుంది. అక్కడితో కొత్త ఫీచర్లు ఆగిపోతాయి, అక్టోబరు దాకా సరిచేతలే. మీ ఆఫీసు కోడ్‌ను ఆ బీటాతో ఒక్కసారి నడిపి, విరిగితే జూన్‌లో చెప్పండి. తాళం వేసి ఉన్న కోడ్‌లోకి మేము తొంగిచూడలేం. జూన్‌లో చెబితే ఒక ఉత్త గడిని తిరిగి చేర్చడానికో, మార్పును ఏడాది వాయిదా వేయడానికో వీలుంటుంది. నవంబరులో చెబితే మీరే మీ కోడ్ మార్చుకోవాలి.